అమ్మ సంతకం లేని తీర్మానం

ఫిబ్రవరి 3

డాక్టరమ్మ ఆజ్ఞ మేరకు ఈ నోటుబుక్కు నేటి నుంచి అమల్లోకి వచ్చింది. రోజూ ఎంత రక్తం పోతోందో ఇందులో రాయాలి. "లెక్కలు వద్దు, మాటల్లో రాసినా చాలు" అందావిడ. కాబట్టి కొలమానం నేనే నిర్ణయించాను: పొడి, చినుకు, వాన, వరద.

నేడు: వాన. వరసగా పంతొమ్మిదో రోజు.

ఫారంలో వయసు ఇరవై ఎనిమిది అని రాస్తే నర్సు ఫారం చూసి, నన్ను చూసి, "పేషెంటు మీరేనా, మీ అమ్మగారా?" అంది. నేనే అని సవినయంగా మనవి చేసుకున్నాను.

అసలు ఆసుపత్రి దాకా రావడానికి కారణం మా మాస్టారు. ఆయన డెంటల్ ల్యాబ్‌లో మా పెద్ద. మొన్న మైనంతో దవడ పన్ను చెక్కుతూ చెక్కుతూ నేను బల్ల మీదికి ఒరిగిపోయాను. "పన్ను బాగానే వచ్చింది గానీ నువ్వే బాలేవు, పో" అన్నాడు. సెలవు చీటీలో కారణం దగ్గర "గృహోపకరణ మరమ్మతు" అని రాసిచ్చాను.

ఫిబ్రవరి 5

స్కానింగ్. గర్భసంచి లోపలి పొర పంతొమ్మిది మిల్లీమీటర్లు. మేం చేసే పంటి తొడుగు గోడ ఉండాల్సినదానికంటే అర మిల్లీమీటరు లావైతే డెంటిస్టు తిట్టి వెనక్కి పంపుతాడు. పంతొమ్మిది అంటే నా లోపల ఎవరో పరుపు కుడుతున్నారన్నమాట.

నాకేం భయం లేదు. రికార్డు కోసం రాస్తున్నాను.

వాన.

ఫిబ్రవరి 9

బయాప్సీ. నొప్పి లేదు.

ఫిబ్రవరి 10

నిన్నటి పేజీకి సవరణ: ఉంది.

ఫిబ్రవరి 17

రిపోర్టు వచ్చింది. పేరు ఘనంగా ఉంది: ఎండోమెట్రియల్ హైపర్‌ప్లేసియా. దానికి తోక కూడా ఉంది: ఎటిపియాతో. పొర మందంగా పెరిగిపోవడం మొదటి సగం. అందులో కణాల తీరు మారిపోవడం తోక. డాక్టరమ్మ పొర దగ్గర నెమ్మదిగా మాట్లాడింది, తోక దగ్గర పెన్ను కింద పెట్టింది.

"ఇది క్యాన్సర్ కాదమ్మా. కానీ వదిలేస్తే అటే వెళ్తుంది. కొందరిలో అప్పటికే ఒక మూల దాక్కుని ఉంటుంది కూడా. అందుకే ఎమ్మారై తీయిద్దాం."

"తీయిస్తే?"

"అందులో ఏమీ లేకపోతే నీకు రెండు దార్లు. గర్భసంచి తీసేయడం ఒకటి. అది ఖాయమైన దారి, పీడ పోతుంది. రెండోది, హార్మోన్ లూప్ లోపల పెట్టి, మాత్రలు కూడా ఇచ్చి, మూడేసి నెలలకోసారి మళ్ళీ ముక్క తీసి చూడటం. పదిమందిలో ఏడెనిమిది మందికి తగ్గుతుంది. తగ్గినవాళ్ళలో కొందరికి మళ్ళీ వస్తుంది. తప్పకుండా వస్తానంటేనే ఆ దారి. మధ్యలో మాయమైపోయేవాళ్ళకి నేను పెట్టను."

"రెండింట్లో ఏది తక్కువ ట్రాఫిక్?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "రెండు మూడు వారాల్లో ఆలోచించుకుని చెప్పు. ఏమన్నా అడగాలా?"

ఏమీ లేదన్నాను. చక్కగా లేచి, కుర్చీ లోపలికి నెట్టి, థాంక్స్ చెప్పి వచ్చాను. నా మర్యాద చూసి నాకే ముచ్చటేసింది.

ఫిబ్రవరి 18

విశేషాలు లేవు. ఒకే పన్ను మూడుసార్లు చెక్కాను. పక్క బల్ల పిల్ల (మాట వేగాన్ని బట్టి బిరుదు: బుల్లెట్) "అక్కా ఆ పన్నుకి నీ మీద ఏమన్నా కక్షా, ఏమన్నా అప్పు తీసుకుని ఎగ్గొట్టావా, ఇటివ్వు నేను చేస్తా" అని లాక్కుంది.

ఎమ్మారై ఎల్లుండి.

ఫిబ్రవరి 20

ఎమ్మారైలో ఇంకెక్కడా ఏమీ లేదు. అక్కకి ఫోన్ చేసి చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. అది అమ్మకి మాత్రమే చెప్పింది. అమ్మ నాన్నకి మాత్రమే చెప్పింది. నాన్న ఎజెండాలో మాత్రమే ఎక్కించాడు.

చినుకు.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఈ పుస్తకం ఎప్పటికైనా పరిశోధకుల చేతిలో పడితే వాళ్ళ సౌకర్యార్థం: మా నాన్న ముప్పై ఏళ్ళు ఒక పెద్ద ఆఫీసులో స్టెనో. పెద్దవాళ్ళు సమావేశాల్లో మాట్లాడుకుంటుంటే మూల కుర్చీలో కూర్చుని అంతా రాసుకోవడం ఆయన కొలువు. పెళ్ళైన కొత్తలోనే ఆ పద్ధతి ఇంటికి తెచ్చాడు. ఏ పెద్ద విషయమైనా ఆదివారం పదకొండు గంటలకి భోజనాల బల్ల దగ్గర సభ. ఎజెండా, హాజరు, చర్చ, తీర్మానం, సంతకాలు. ఆనక బైండు రిజిస్టరులో సాఫు ప్రతి. అలాంటివి ఏడు రిజిస్టర్లు బీరువా మీద వరసగా నిలబడి ఉంటాయి. ఫ్రిజ్ రంగు, అక్క చదువు, బాల్కనీలో పావురాల బెడద, అన్నీ సభ తేల్చినవే. సభ తేల్చాక ఇంట్లో ఎవరూ మళ్ళీ నోరెత్తరు. చిన్నప్పుడు అందరిళ్ళలోనూ ఇంతే అనుకునేదాన్ని.

నేటి ఎజెండా: ఒకటి, వాషింగ్ మెషీన్ కింద నీళ్ళు కారుట. రెండు, చిన్నమ్మాయి ఆరోగ్యం.

"ముందు మెషీన్ సంగతి చూసేద్దాం, అది తొందరగా తేలిపోతుంది" అన్నాడు నాన్న.

మెషీన్‌కి నలభై నిమిషాలు పట్టింది. నాకు పదకొండు.

అక్క ఇద్దరు పిల్లల్నీ బావ మీద పడేసి మరీ వచ్చింది. "తీయించేసుకో. ఉంచుకుని మూడేసి నెలలకోసారి పొడిపించుకుంటూ, ఏ కబురు వస్తుందోనని వణుక్కుంటూ బతుకుతావా?"

"వణికేది నేనే కదే."

"నువ్వెక్కడ వణుకుతావు? నువ్వు జోకులేస్తావు. నీ బదులు వణకాల్సింది మేమే."

నాన్న కళ్ళజోడు తీసి తుడిచాడు. "మరి రేపు పెళ్ళీ, అదీ అంటే..."

"ఇంకా అభ్యర్థే బరిలో లేడు నాన్నా. లేనివాడి తరఫున వకాల్తా నీకెందుకు?"

"అది కాదమ్మా." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "నాకు నువ్వుంటే చాలు. మిగతావి ఉన్నా లేకపోయినా ఒకటే." తర్వాత పెన్ను వైపు చూసుకుని, "ఇది మినిట్స్‌లో రాయను" అన్నాడు.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నాన్న అటు తిరిగాడు. "నీ అభిప్రాయం?"

"టీ పెట్టనా?"

"అభిప్రాయం అడుగుతున్నా."

"మీరంతా ఏదంటే అదే."

"తటస్థం" అని రాసుకున్నాడు నాన్న.

గర్భసంచి తీయించుటకు సభ తీర్మానించింది. మార్చి పదహారున. నేనూ సంతకం పెట్టాను. పెన్ను బాగా నడుస్తోంది.

నిర్ణయం జరిగిపోయింది కాబట్టి ఎంతో తేలిగ్గా ఉంది. చాలా తేలిగ్గా ఉంది.

ఫిబ్రవరి 23

చాలా తేలిగ్గా ఉంది. ఆసుపత్రికి ఫోన్ చేసి తారీఖు ఖాయం చేశాను. మాస్టారికి నాలుగు వారాల సెలవు చీటీ ఇచ్చాను. "ఏ ఉపకరణమమ్మా నాలుగు వారాలు?" అన్నాడు. "పాత మోడల్ సార్, విడిభాగాలు దొరకవు" అన్నాను. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వాన.

ఫిబ్రవరి 24

నాన్న సాఫు ప్రతి రాసి, సరిచూడమని బల్ల మీద పెట్టాడు. ఆయన పద్ధతి ప్రకారం ఏ తీర్మానానికైనా కింద పూర్వ నిర్ణయం ఉదహరించాలి. నా తీర్మానం కింద ఇలా ఉంది:

"పూర్వ నిర్ణయం: రిజిస్టరు 2, తీర్మానం 14 చూడుడు."

చూడుడు అన్నాడు కదా అని స్టూలెక్కి చూశాను.

ఇరవై రెండేళ్ళ కిందటి ఆదివారం. హాజరు: నాన్న, నాయనమ్మ, పెదనాన్న, మామయ్య. అంశాలు నాలుగు. మూడోది:

"గృహిణి ఆరోగ్య విషయము. అధిక రక్తస్రావము దృష్ట్యా గర్భసంచి తీయించుటకు సభ ఏకగ్రీవముగా తీర్మానించినది. ఇద్దరు పిల్లలు కలిగియున్నందున ఇకపై దాని అవసరము లేదని అన్నయ్య అభిప్రాయపడెను."

నాలుగో అంశం అక్కకి సైకిలు కొనడం. దాని మీద చర్చ పేజీన్నర. తొమ్మిదేళ్ళ పిల్లకి సైకిలు తొందరేమోనని నాయనమ్మ సందేహం, బ్రేకుల గురించి మామయ్య హామీ, చివరికి వాయిదా.

హాజరులో అమ్మ పేరు లేదు. సంతకాల్లోనూ లేదు. అడుగున మాత్రం ఒక వాక్యం ఉంది: "సభ్యులకు టీ ఇవ్వబడినది."

దస్తూరీ అద్భుతం. ఒక్క కొట్టివేత లేదు.

అప్పుడు అమ్మకి ముప్పై ఒకటి. నన్నూ అక్కనీ పెదనాన్న ఇంట్లో వారం ఉంచారు. నాకు గుర్తున్నదల్లా అక్కడ బిస్కెట్ల మీద చక్కెర చల్లి ఉండేదని.

నాకేం కాలేదు. రిజిస్టరు దుమ్ము దులిపి యథాస్థానంలో పెట్టాను.

ఫిబ్రవరి 25

వరద.

ఫిబ్రవరి 26

సాయంత్రం అమ్మ బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తోంది. నేను దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. దుప్పటి మడత పెట్టేటప్పుడు ఇద్దరు మనుషులు దగ్గరకొస్తారు, దూరం జరుగుతారు, మొహాలు చూసుకోనక్కర్లేదు. దర్యాప్తుకి అనువైన సమయం.

"అమ్మా, నీది ఎందుకు తీయించారు?"

"ఎక్కువగా పోతుండేది."

"బయాప్సీ లాంటిదేమన్నా చేశారా? మందులేమన్నా వాడి చూశారా?"

"అవన్నీ ఎవరికి తెలుసు? డాక్టరు తీసేస్తే పోతుందన్నాడట. మీ పెదనాన్న వెళ్ళి మాట్లాడొచ్చాడు."

"నిన్ను అడిగారా?"

"అడగడానికేముంది? నేను వంటింట్లోనే ఉన్నాగా. అన్నీ వినపడుతూనే ఉన్నాయి. కొస సరిగ్గా పట్టుకో, వంకర పోతోంది."

పట్టుకున్నాను.

"ఏమేం తీశారు?"

"ఏమేం ఏంటే? తీసేశారు."

"గర్భసంచి ఒక్కటేనా, అండాశయాలు కూడానా?"

అమ్మ దుప్పటి పట్టుకుని ఆగిపోయింది.

"అవి వేరేగా ఉంటాయా?"

నేను డిగ్రీ చదివాను. జంతుశాస్త్రం ఒక సబ్జెక్టు. కప్పవి, బొద్దింకవి బొమ్మలు గీసి రంగులు కూడా వేశాను. వేరేగా ఉంటాయని, అటొకటి ఇటొకటి ఉంటాయని, దుప్పటి మీద వేలితో గీసి చూపించాను. అమ్మ నా వేలి వైపే చూసింది.

"ఆపరేషన్ అయిన రెండు నెలలకి ఒళ్ళంతా మంటలెత్తేవి. చలికాలంలో కూడా చీర తడిసిపోయేది. మీ నాయనమ్మ నాటకాలంది. పని ఎగ్గొట్టడానికట." దుప్పటి నా చేతిలోంచి తీసుకుని చివరి మడత వేసింది. "మీ నాన్న మాత్రం సభ పెట్టి టేబుల్ ఫ్యాను కొన్నారు. పాపం."

అమ్మ మణికట్టు రెండుసార్లు విరిగింది. ఒకసారి చపాతీ కర్ర జారి, ఒకసారి ఊరికే తలుపు నెట్టి. చేతకానితనం అనుకునేవాళ్ళం. మేం జోకులేసేవాళ్ళం. మేం అంటే నేను.

ఫిబ్రవరి 27

ఏమీ రాయాలని లేదు.

మార్చి 2

ఆపరేషన్‌కి ముందు పరీక్షలకి అక్క వస్తానంది. అమ్మ "నేను వెళ్తాలే" అని, సంచీ తగిలించుకుని, నాకంటే ముందే చెప్పులేసుకుంది.

డాక్టరమ్మ నా కాగితాలు తిరగేసింది. "తీసేయడానికే నిర్ణయించుకున్నావా? నువ్వే ఆలోచించుకున్నావా?"

"సంతకం కూడా పెట్టాను" అన్నాను.

"ఎక్కడ? మా ఫారం ఇంకా ఇవ్వలేదే."

ఈలోపు అమ్మ కుర్చీ అంచుకి జరిగింది. బయట వరండాలో ఈ ప్రశ్న సాధన చేసుకుందేమో, గుక్క తిప్పుకోకుండా అంది:

"మేడమ్, నాకు ఇరవై రెండేళ్ళ కింద తీశారు. అండాశయాలు ఉంచారో తీశారో ఇప్పుడు చూస్తే తెలుస్తుందా?"

డాక్టరమ్మ నా ఫైలు మూసి పక్కన పెట్టి, అమ్మ వైపు తిరిగింది. మంటలు ఎప్పుడు మొదలయ్యాయి, ఎన్నేళ్ళున్నాయి, ఎముకలు ఎన్నిసార్లు విరిగాయి, అన్నీ అడిగింది. అమ్మ ఒక్కొక్కటీ సంవత్సరంతో సహా చెప్పింది. నేనెప్పుడూ వినని జాబితా.

స్కాన్ చేశారు. ఏమీ కనపడలేదు.

"ఈ వయసుకి అవి బాగా చిన్నవైపోతాయమ్మా, ఉన్నా కనపడకపోవచ్చు. కానీ ముప్పై ఒకటికే మంటలు, ఈ ఎముకలు చూస్తుంటే రెండూ తీసేసే ఉంటారు. అప్పటి డిశ్చార్జి కాగితం ఉంటే గట్టిగా చెప్పేదాన్ని. తీసినవాళ్ళు అప్పుడే మందులు మొదలుపెట్టాల్సింది."

"కాగితం ఎక్కడుంటుంది ఇప్పుడు? మా బావగారి దగ్గరుండేది, ఆయన పోయి పదేళ్ళైంది."

ఎముకలకి పరీక్షలు, మాత్రలు రాసిచ్చింది. వరండాలోకొచ్చాక అమ్మ చీటీ చూసుకుంటూ, "మీ నాయనమ్మ ఉండుంటే బావుండేది" అంది.

"ఎందుకు?"

"నాటకం కాదని చెప్పేదాన్ని."

నా పరీక్షలు చేయించుకోవడం ఇద్దరం మర్చిపోయి ఇంటికొచ్చేశాం.

మార్చి 5

ఇవాళ చెక్కిన పళ్ళు: పదకొండు. చినుకు. పదహారుకి పదకొండు రోజులు.

నాకు నిజంగా ఏది కావాలో ఒక కాగితం మీద రాద్దామని కూర్చున్నాను. ఎడమ పక్క "తీయించుట", కుడి పక్క "ఉంచుట" అని శీర్షికలు పెట్టి, కింద స్కేలుతో గీతలు గీశాను. గీతలు చాలా బాగా వచ్చాయి.

మార్చి 8, ఆదివారం

నేను సభ కోరాను. అంశం ఒకటే: తీర్మానం రద్దు.

అక్క ఫోన్లో ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి, వచ్చింది. నాన్న హాజరు రాసి, పెన్ను పట్టుకుని, "ఆమోదించిన తీర్మానం రద్దు కావాలంటే కొత్త సమాచారం ఉండాలి" అన్నాడు. ఇది ఆయన కఠినత్వం కాదు. ఆయనకి తెలిసిన ప్రేమ ఆ వాక్యంలోనే ఉంటుంది.

అమ్మ వంటింట్లోంచి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. టీ సంగతి ఎత్తలేదు. మా బల్లకి నాలుగు కుర్చీలున్నాయి, నాలుగూ నిండటం నేను చూసిన సభల్లో ఇదే మొదలు.

"ఏవండీ, నా ఆపరేషన్ కాగితం ఏమైంది?"

"ఏమవుతుంది? ఉంది" అన్నాడు నాన్న. కాగితం అడిగితే ఆయన మొహం వెలుగుతుంది.

"ఎక్కడ?"

"రిజిస్టరు రెండు. అనుబంధం. అన్నయ్య దగ్గర్నుంచి అప్పుడే తీసుకుని అతికించేశాను." స్వయంగా స్టూలెక్కి దించి, నేను చూడని వెనక పేజీలు తిప్పాడు. నిజంగానే ఉంది. నాలుగు వైపులా సమానంగా జిగురు రాసి, ఒక్క మడత లేకుండా. ఆయన ఆఫీసు గొంతుతో, మాటకి మాట తెలుగు చేస్తూ చదవడం మొదలుపెట్టాడు. పేరు, వయసు, చేరిన తేదీ. తర్వాత, "గర్భాశయము మరియు ఇరువైపులా అండాశయములు తొలగించబడినవి. హార్మోన్ చికిత్స నిమిత్తము నెల తరువాత..." అక్కడ ఆగాడు.

"నెల తర్వాత?" అంది అమ్మ.

"...మరల తీసుకురావలెను."



"ఇంట్లోనే ఉందన్నమాట" అంది అమ్మ.

"నేను... అతికించాను" అన్నాడు నాన్న.

"చదవలేదా?"

"అతికించాను" అన్నాడు మళ్ళీ. తను చేసిన పని ఏమిటో ఆ మాటలో వెతుక్కుంటున్నట్టు.

అమ్మ గొంతు పెంచలేదు. "ఆ రోజు నేను వంటింట్లో ఉన్నాను. మీ మాటలు వినపడాలని స్టవ్వు తగ్గించాను. సైకిలు గురించి అంతసేపు మాట్లాడారు కదా, ఈలోపు ఒక్కరైనా 'ఇలా రామ్మా' అంటారేమో అని చూశాను. తర్వాత టీ అడిగారు. వచ్చాను."

నాన్న కళ్ళజోడు తీశాడు గానీ తుడవలేదు.

అక్క నెమ్మదిగా, "అయితే ఇప్పుడేమంటావమ్మా? దీనికి తీయించొద్దంటావా?" అంది.

"నేనెందుకంటాను? నా సంగతి నేను చెప్పుకున్నాను. దాని సంగతి దాన్నడగండి."

ముగ్గురూ నా వైపు తిరిగారు. మూడు జోకులు సిద్ధంగా ఉన్నాయి, అందులో ఒకటి నిజంగా బాగుంది. నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

"నాకు తెలీదు. భయంగా ఉంది. ఉంచుకోవాలన్నా భయమే, తీయించుకోవాలన్నా భయమే. పిల్లలు కావాలో వద్దో నాకింకా తెలీదు. కానీ తీసేస్తే మళ్ళీ పెట్టలేరు. ఉంచితే తర్వాతైనా తీయొచ్చు. ఆరు నెలలు మందు వాడి చూస్తాను. తగ్గకపోతే తీసేయమంటాను. ప్రతి మూడు నెలలకీ వెళ్తాను, మాయమైపోను."

"మధ్యలో ముదిరితే?" అంది అక్క. దాని కళ్ళు ఎర్రబడ్డాయి.

"అందుకేగా మూడు నెలలకోసారి చూసేది. నువ్వు వణుకు. నేను కూడా వణుకుతాను. కలిసి వణుకుదాం."

"ఇది కూడా జోకేనా?"

"కాదే."

నాన్న పెన్ను మూత పెట్టలేదు, రాయనూ లేదు. చివరికి రిజిస్టరు మూసి, దాని మీద రెండు అరచేతులూ పెట్టి కూర్చున్నాడు. నేటి సభకి సాఫు ప్రతి లేదు.

మార్చి 9

ఆసుపత్రికి ఫోన్ చేసి పదహారు రద్దు చేశాను. "కారణం ఏం రాయమంటారు?" అంది అవతలి అమ్మాయి. "పేషెంటు ఆలోచించుకుంది" అన్నాను.

మార్చి 12

లూప్ పెట్టారు. నొప్పి ఉంది, ఇప్పుడే రాసేస్తున్నాను. అమ్మ బయట బెంచీ మీద ఉంది. అక్క ఆఫీసు నుంచి ప్రతి పది నిమిషాలకీ మెసేజ్: అయిందా. అయిందా. అయిందా.

ఈసారి ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను. ఎప్పుడు చాలంటారు, ఎప్పుడు వద్దంటారు, తీయాల్సి వస్తే అండాశయాలు ఉంచుతారా. "నీ వయసులో ఉంచడానికే చూస్తాం. అది నీ ఫైల్లో ఇప్పుడే రాస్తాను" అంది డాక్టరమ్మ. రాసేదాకా చూశాను.

ఏప్రిల్ 4

మాత్రల ప్రభావం: ఆకలి, నిద్ర, అకారణ కోపం. బుల్లెట్ మీద అరిచాను. అది జన్మలో మొదటిసారి నెమ్మదిగా మాట్లాడింది: "అక్కా. ఏమైంది. చెప్పు." చెప్పాను. పూర్తిగా చెప్పాను. అది నా ట్రేలో ఉన్న నాలుగు పళ్ళూ తీసుకెళ్ళి తన బల్ల మీద పెట్టుకుంది. సాయంత్రం మాస్టారి దగ్గరికెళ్ళి సెలవు చీటీలు వెనక్కి తీసుకుని, కారణం మార్చి రాసిచ్చాను. ఆయన చదివి, "మా చెల్లెలికి కూడా ఇదే వచ్చింది" అన్నాడు. తర్వాత ఇద్దరం పని చేసుకున్నాం.

చినుకు.

ఏప్రిల్ 19, ఆదివారం

ఆరు వారాలుగా ఇంట్లో సభలు లేవు. వాషింగ్ మెషీన్ ఇంకా కారుతోంది. దాని కింద ఎవరి అనుమతీ లేకుండా అమ్మ ఒక టబ్బు పెట్టింది.

మే 11

ఇప్పుడు బల్ల మీద రెండు మందుల డబ్బాలు. నాది, అమ్మది. నాన్న పొద్దున్నే రెండింటిలోంచీ ఇవాళ్టివి తీసి, రెండు గ్లాసుల నీళ్ళతో పెడుతున్నాడు. ఎవరూ చెప్పలేదు. మొన్న అమ్మ మాత్ర అట్ట మీది చిన్నచిన్న అక్షరాలు భూతద్దం పెట్టి చదువుతూ కనపడ్డాడు. నన్ను చూసి అట్ట డబ్బాలో పెట్టేశాడు.

అమ్మ ఆయనతో మామూలుగానే మాట్లాడుతోంది. మామూలంటే ఏమిటో నాకు ఇదివరకంత రూఢిగా తెలీదు.

జూన్ 15

మళ్ళీ ముక్క తీశారు. వారంలో రిపోర్టు.

జూన్ 18

నాకేం భయం లేదు అని రాసి కొట్టేశాను.

జూన్ 22

రిపోర్టుకి నాన్న వస్తానన్నాడు. డాక్టరు గది గుమ్మం దగ్గర ఆగి, "నేను లోపలికి రావచ్చా?" అన్నాడు. డాక్టరమ్మ రమ్మంది. కానీ ఆయన అడిగింది నన్ను. రమ్మన్నాను.

కూర్చోగానే జేబులోంచి చిన్న పుస్తకం, పెన్ను తీశాడు. అలవాటు. మళ్ళీ నా మొహం చూశాడు. "రాసుకోనా?"

"వద్దు నాన్నా. విను."

అవి జేబులో పెట్టేశాడు. ఖాళీ చేతులతో ఏం చేయాలో తెలియక నా సంచీ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"బాగా తగ్గింది" అంది డాక్టరమ్మ. "పొర పల్చబడింది. కానీ ఒకచోట కణాల్లో తేడా ఇంకా ఉంది. ముదరలేదు, పూర్తిగా పోనూ లేదు. ఇంకో మూడు నెలలు ఇలాగే చూడొచ్చు. వద్దు, ఇక చాలనుకుంటే ఇప్పుడే తీసేయొచ్చు. రెండూ తప్పు కాదు." అని, పెద్దాయన ఉన్నాడు కదా అని కాబోలు, "ఏమంటారు?" అంటూ నాన్న వైపు చూసింది.

నాన్న నా వైపు తిరిగాడు. ఆయన పెదాలు కదిలాయి, ఏదో అనబోయాడు, సంచీ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు గానీ అనలేదు.

"ఇంకో మూడు నెలలు" అన్నాను. "అప్పటికి పోకపోతే తీసేయండి."

"సరే" అని రాసుకుంది డాక్టరమ్మ.

బయట ఎండగా ఉంది. బస్టాపు బెంచీ మీద కూర్చున్నాం. ఆయన సంచీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. అప్పుడు అడిగాడు: "ఎటిపియా అంటే ఏమిటమ్మా?"

నాలుగు నెలల్లో ఆ మాట మా ఇంట్లో అందరూ పలికారు. ఏమిటని ఎవరూ అడగలేదు. నాకు తెలిసినంత చెప్పాను. మధ్యలో ఆపి, "మళ్ళీ చెప్పు, కణం దగ్గర్నుంచి" అన్నాడు. మళ్ళీ కణం దగ్గర్నుంచి చెప్పాను. ఎక్కాల్సిన బస్సులు రెండు వెళ్ళిపోయాయి.